చేపల ఫ్యాక్టరీ వస్తే మత్స్యకార ఆడవాళ్లకు పని పెరుగుతుందా?

పూసపాటిరేగ తీరాన ఫ్యాక్టరీ పెడితే మన ఆడవాళ్లకు ఉద్యోగాలొస్తాయా అని అడిగారు. వస్తాయండీ, రొయ్యల తలలు తీసే షెడ్డులో. ఒడ్డున గంప పెట్టుకుని కూర్చునే యాభై ఏళ్లావిడకు మాత్రం రావు. ఆవిడకు ఉన్న పనే పోతుంది.

పడవ ఒడ్డుకు చేరాక మొదటి రెండు గంటలే కీలకం. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు ఐసు లేకపోతే ఎండెక్కేసరికి పొట్ట పగులుతాయి. ఆలోపే వేలంపాటలో కొని, సముద్రపు నీళ్లతో కడిగి, పల్చగా పరచాలి. మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యాలి. మంచి ఎండైతే నెత్తళ్లు రెండు రోజుల్లో గలగలమంటాయి. మబ్బు పట్టిందా, నాలుగు కిలోలకు కిలో ఉప్పు పట్టించాల్సిందే, లేకపోతే ఈగ వాలి పురుగు పడుతుంది. 100 కిలోల పచ్చి నెత్తళ్లకు పాతిక కిలోల దాకా ఎండు సరుకు తేలుతుంది.

వచ్చేది ఫిష్ మీల్ ప్లాంటైతే, అంటే చేపల్ని మేత పొడిగా మార్చేదైతే, దెబ్బకొట్టేది ఆ రెండు గంటల మీదే. వలకీ ఇంజనుకీ ప్లాంటు ఏజెంటు పడవవాళ్లకు ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, పాట లేకుండానే సరుకు వ్యానెక్కుతుంది. ఉడకబెట్టి, నొక్కి నూనె తీసి, పొడి కొట్టే మిషనుకు పొట్ట పగిలిన చేపా పనికొస్తుంది. అయినా తాజాది అటు పోయి, పగిలింది ఆడవాళ్లకు మిగులుతుంది. అది ఎండితే ముక్కలైపోతుంది, సీతంపేట సంతలో ఎవరూ ముట్టరు. 100 కిలోలకు ప్లాంటులో వచ్చే పొడి కూడా 20-25 కిలోలే. దాదాపు అదే బరువు! మన కూరలోకి రావలసింది రొయ్యల మేతలోకి పోతుంది, ఆ లాభం ఆవిడ కొంగున పడదు.

ఇంకోటి చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమైతే, భృతి పడవెక్కేవాళ్లకే. ఎండబెట్టి అమ్మే ఆడమనిషిని ఆ లెక్కలో చూడరు. మగవాళ్లు గుజరాత్‌లోని వీరావల్ వలసపోయిన శ్రీకాకుళం ఊళ్లలో రోజు గడిచేది ఈ గంపల మీదేనని ఎవరికి తెలియదు?

రొయ్యల షెడ్డులో చేరేవాళ్లు రేటు కౌంటును బట్టి, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి అడగండి. 30 కౌంటుకీ 100 కౌంటుకీ కిలోకి ఒకే రేటంటే ఒప్పుకోవద్దు. చిన్న రొయ్యకు మూడింతల పైన తలలు తియ్యాలి, ఐసు నీళ్లలో వేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. చేతొడుగులు, మస్టరులో పేరు మొదటి రోజే అడగాలి.

ఎండబెట్టుకునేవాళ్లు పదిమంది కలిసి పడవవాళ్లకు ముందే అడ్వాన్సు ఇచ్చుకోండి, ఏజెంటు చేసేదీ అదేగా. ఇసకలో పరచకుండా మూడడుగుల ఎత్తున వెదురు కట్టి, పాత వల బిగించి ఆరబెట్టండి. కింద నుంచీ గాలి తగులుతుంది, ఇసక అంటదు.