కాలికి ముల్లు దిగితే గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది?

ముల్లు దిగిన చోట ఎర్రగా వాచిందని, ఇప్పుడు గజ్జల్లో బిళ్ళ కట్టిందని, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోవచ్చా అని అడిగారు. దయచేసి వేసుకోకండి. ముందు ముల్లు ముక్క లోపల ఉండిపోయిందేమో డాక్టరుకు చూపించండి.

మా నాన్నగారికి అచ్చం ఇలాగే అయింది. చేనుగట్టు మీద తుమ్మముల్లు చెప్పులోంచి దిగి మడమలో విరిగింది. పైన చర్మం మూసుకుపోయింది గానీ, ఒక్కచోట నొక్కితే మాత్రం విలవిల్లాడేవారు. వాపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. డాక్టరు మత్తిచ్చి చిన్న గాటు పెట్టగానే చిక్కటి చీము, దాని వెంట నల్లబడిన ముల్లు మొన బయటపడ్డాయి. బియ్యపు గింజంత కూడా లేదది! తర్వాత పుండు చకచకా మానింది.

చర్మం తెగగానే అక్కడి కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను వదులుతాయి. సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎరుపు, వేడి అందుకే. నాళాల గోడల్లోంచి నీరు ఊరితే అదే వాపు. కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఆ గోడలు దాటి వచ్చి సూక్ష్మజీవులను మింగుతాయి, ఆ పనిలోనే చచ్చిపోతాయి. చీములో ఎక్కువ భాగం అవే. వెనకే మాక్రోఫేజ్‌లు అనే పెద్ద తెల్లకణాలు వచ్చి చచ్చినవాటిని మింగేస్తాయి. కానీ ముల్లును మింగడం వాటి తరం కాదు. అది లోపల ఉన్నంతకాలం పోరు సాగుతూనే ఉంటుంది.

ఈ సంగతి శాస్త్రానికి తెలిసిందీ ముల్లు వల్లనే. 1882లో ఇటలీలోని మెస్సినాలో ఇల్యా మెచ్నికోవ్ అనే జీవశాస్త్రవేత్త నక్షత్రచేప లార్వాలకు (పిల్లదశలో ఉన్నవాటికి) గులాబీ ముళ్ళు గుచ్చారు. వాటి ఒళ్ళు గాజులా పారదర్శకం కావడంతో, కదిలే కణాలు ముల్లు చుట్టూ మూగడం మర్నాడు కళ్ళారా చూశారు. 1908లో ఆయనకు నోబెల్ దక్కింది. నాన్నగారి మడమ చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవారు.

ఇక బిళ్ళ. పాదం నుంచి లింఫు (కణాల మధ్య నుంచి ఊరే పల్చటి ద్రవం) గజ్జల్లోని గ్రంథుల గుండా పైకి వెళుతుంది. అక్కడి లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు సూక్ష్మజీవుల ఆనవాళ్ళు పసిగట్టి తమ సంఖ్యను పెంచుకుంటాయి, గ్రంథి ఉబ్బుతుంది. దాన్ని నలపకండి, పుండు మానితే అదే కరుగుతుంది.

ఎరుపు పైకి పాకుతున్నా, కాలి మీద ఎర్రటి చార కనిపించినా, చలిజ్వరం వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి. షుగరు ఉంటే నొప్పి లేదని ధీమాగా ఉండకండి. నరాలు మొద్దుబారి నొప్పి తెలియకపోవచ్చు, తెల్లకణాల చురుకుదనమూ తగ్గుతుంది.

ధనుర్వాతం సంగతి వేరు. దాన్ని కలిగించే బాక్టీరియా సిద్ధబీజాలు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలు) మట్టిలో, పేడలో ఉంటాయి, గాలి తగలని లోతు గాయంలో మొలకెత్తుతాయి. గాయం వాచకపోయినా దాని విషం నరాలకెక్కుతుంది. ఆ జబ్బు వచ్చి బతికినవారికి సైతం నిరోధకశక్తి రాదు, టీకా ఒక్కటే దిక్కు. మీరు చివరిసారి వేయించుకుని 5 ఏళ్ళు దాటితే ఈరోజే వేయించుకోండి.