ప్లేటులో చచ్చే క్యాన్సర్ కణాలు, అమ్మకు ఇద్దామనుకుంటున్న గంజాయి నూనె

"అమ్మకు రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది, బాగా నీరసించిపోయింది. గంజాయిలోని పదార్థాలు క్యాన్సర్ కణాలను చంపుతాయని ల్యాబుల్లో తేలిందట. కీమో ఆపి ఆ నూనె ఇవ్వవచ్చా?" అని అడిగారు. కీమో మాత్రం ఆపకండి. నేను డాక్టర్ని కాను. కణాలను ప్లేట్లలో పెంచే సెల్ కల్చర్ ల్యాబులో కొన్నేళ్లు సీబీడీ (గంజాయిలో మత్తు కలిగించని పదార్థం) మీదే పనిచేశాను కాబట్టి, అక్కడ చూసిందీ చదివిందీ చెబుతాను.

మీరు చదివింది అబద్ధమేమీ కాదు. టీహెచ్‌సీ (గంజాయిలో మత్తు కలిగించే పదార్థం) ఇచ్చిన ఎలుకల్లో ఊపిరితిత్తుల కణితి నెమ్మదిగా పెరిగిందని అమెరికాలోని వర్జీనియా పరిశోధకులు 1975లోనే రాశారు. తర్వాత మాడ్రిడ్‌లో మాన్యుయెల్ గుజ్మాన్ బృందం గ్లయోమా అనే మెదడు కణితి మీద ఏళ్ల తరబడి పనిచేసింది. టీహెచ్‌సీ తగిలిన ఆ కణాల్లో సెరమైడ్ అనే కొవ్వు పదార్థం పోగవుతుందని, కణం తన భాగాలను తానే అరిగించుకుంటూ చివరికి చచ్చిపోతుందని వాళ్లు చూపించారు. ఇది గట్టి పనే, నాకు దాని మీద గౌరవం ఉంది.

చిక్కంతా మోతాదుతోనే. మేం చేసే పరీక్షలో చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో కణాలు పెంచి, సీబీడీ కలిపి, ఒకటి రెండు రోజుల తర్వాత పసుపుపచ్చటి రసాయనం వేస్తాం. బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. ఎక్కువ మోతాదు పడ్డ గుంటలు పసుపుగానే ఉండిపోతే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. కానీ అదే ప్లేటులో ఆరోగ్యకరమైన చర్మకణాల వరుస కూడా ఉంటుంది. మోతాదు ఇంకాస్త పెంచామంటే ఆ వరుసలోనూ ఊదారంగు వెలిసిపోయేది. పైగా సీబీడీ, టీహెచ్‌సీ జిడ్డు పదార్థాలు, కణాలు పెంచే ద్రవంలో మేం కలిపే సీరం (రక్తంలోని ద్రవభాగం) ప్రొటీన్లకు అతుక్కుపోతాయి. సీరం తగ్గిస్తే తక్కువ సీబీడీతోనే కణాలు చచ్చేవి, పెంచితే అదే మోతాదుకు చలించేవి కావు. మనిషి రక్తం నిండా అలాంటి ప్రొటీన్లే కదా.

ప్లేటులో తరచూ వాడే 10 మైక్రోమోలార్ అంటే మిల్లీలీటరుకు దాదాపు 3,100 నానోగ్రాములు. నోటితో తీసుకున్న సీబీడీలో చాలా భాగం పేగులు, కాలేయం దాటేలోపే ఖర్చయిపోతుంది. చుక్కల లెక్కన వేసే నూనెతో రక్తంలో అంత మట్టం రాదు.

తక్కువైతే పనిచేయదు, అంతే కదా అనుకోవడానికీ లేదు. చాలా తక్కువ మోతాదు టీహెచ్‌సీతో కొన్ని రకాల క్యాన్సర్ కణాలు ఇంకా వేగంగా పెరిగాయని 2004లో ఒక అధ్యయనం వచ్చింది. 2005లో వచ్చినదైతే మీకు మరీ దగ్గరి విషయం. ఎలుకల రొమ్ము క్యాన్సర్ మీద చేసిన ప్రయోగం అది. టీహెచ్‌సీ వాటి రోగనిరోధక శక్తిని అణచడంతో కణితి పెరిగింది. అన్ని కణితులూ ఇలాగే ప్రవర్తిస్తాయని కాదు, కానీ అమ్మ కణితి ఏ దారి పడుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు.

మనుషుల్లో చేసింది తక్కువ. 2006లో గుజ్మాన్ బృందం గ్లయోబ్లాస్టోమా (గ్లయోమాల్లో తీవ్రమైన రకం) తిరగబెట్టిన 9 మందికి టీహెచ్‌సీని నేరుగా కణితిలోకే పంపింది. అది ప్రధానంగా భద్రత కోసం చేసిన ప్రయోగం. 2021లో అదే జబ్బు తిరగబెట్టిన 21 మందితో చేసిన ఇంకో ప్రయోగం వివరాలు వచ్చాయి. అందులో టీహెచ్‌సీ, సీబీడీ కలిసిన స్ప్రే తీసుకున్నవాళ్లలో 83 శాతం, ఉత్తుత్తి స్ప్రే తీసుకున్నవాళ్లలో 44 శాతం ఏడాది తర్వాత బతికున్నారు. ఇంత కొద్దిమందితో తేల్చి చెప్పలేం, అయినా ఆశ కలిగించే సంగతే. అయితే రెండు గుంపులకూ టెమోజోలమైడ్ అనే కీమో మందు ఇస్తూనే ఉన్నారు, ఎవరికీ ఆపలేదు. ఆ అంకె చూపించి కీమో మానమనే వాళ్లు ఈ మాట చెప్పరు, అందుకే నాకు కోపం.

వాంతులు, వికారం వల్లే అమ్మ నీరసించి ఉంటే దానికి మంచి మందులున్నాయి, డాక్టర్ని గట్టిగా అడగండి. టీహెచ్‌సీ తరహా మందులైన డ్రోనాబినాల్, నాబిలోన్‌లకు అమెరికాలో 1985లోనే అనుమతి వచ్చింది, అది కూడా కీమో వాంతుల కోసమే.

ఇప్పటికే నూనె మొదలుపెట్టి ఉంటే దాచకండి. కాలేయంలో చాలా మందులను విడగొట్టే ఎంజైములకు సీబీడీ అడ్డుపడుతుంది, దాంతో కొన్ని కీమో మందుల మట్టం రక్తంలో పెరిగిపోవచ్చు. ఈసారి వెళ్లేటప్పుడు సీసా కూడా పట్టుకెళ్లి, రోజుకు ఎంత వేస్తున్నారో, ఎప్పటినుంచో చెప్పండి.