మర్చిపోయిన పాత యాక్షన్ అడ్వెంచర్ గేమ్‌లలో ఇప్పటికీ ఆడదగ్గది ఏది? నా ఓటు ‘అవుట్‌కాస్ట్’కే

చాలామంది మర్చిపోయిన పాత యాక్షన్ అడ్వెంచర్ గేమ్ ఒకటి చెప్పమన్నారు, ఇప్పుడు ఆడినా విసుగు రాకూడదన్నారు. నా జవాబు ‘అవుట్‌కాస్ట్’. 1999లో పీసీకి వచ్చింది. బెల్జియంలోని నమూర్‌లో అపీల్ అనే చిన్న స్టూడియో తయారుచేసింది, ఇన్ఫోగ్రామ్స్ విడుదల చేసింది. అప్పట్లో గేమ్ పత్రికలు బాగానే మెచ్చుకున్నాయి. కానీ మన దగ్గర పాత గేమ్‌ల కబుర్లు మొదలైతే ఐజీఐ, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, టూంబ్ రైడర్ దగ్గరే ఆగిపోతాం. దీని పేరు ఎత్తేవాళ్లు నాకు అరుదుగా తగిలారు. ఈ మధ్య మళ్లీ మొదటి నుంచి చివరిదాకా ఆడాను కాబట్టి చిన్నప్పటి ఇష్టంతో చెబుతున్న మాట కాదిది.

కథ క్లుప్తంగా చెప్తాను. 2007లో అమెరికా వాళ్లు ఒక సమాంతర విశ్వంలోకి ప్రోబ్ (మనిషి లేని పరిశోధన యంత్రం) పంపుతారు. అది అక్కడ దెబ్బతిని, దాని వల్ల భూమినే మింగేసే బ్లాక్ హోల్ పుడుతుంది. ముగ్గురు శాస్త్రవేత్తలకు తోడుగా కట్టర్ స్లేడ్ అనే మాజీ నేవీ కమాండో అవతలికి వెళ్తాడు. కళ్లు తెరిచేసరికి అడెల్ఫా అనే లోకంలో ఉంటాడు, పక్కన శాస్త్రవేత్తలు ఉండరు. అక్కడి తలాన్ జనం మాత్రం తమను కాపాడటానికి వస్తాడని చెప్పుకునే ‘ఉలుకాయ్’ ఇతనే అంటారు. వాళ్లను ఫే రాన్ అనే నిరంకుశుడు సైనికులను పెట్టి అణచేస్తుంటాడు. ఇంతవరకూ వింటే మామూలు కథే అనిపిస్తుంది. మలుపులు ఉన్నాయి, అవి చెప్పను.

ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది జనం, వాళ్ల పని. షామజార్ అని ఒక ప్రాంతం ఉంది. ఎటు చూసినా నీళ్లు నిండిన పొలాలు, వాటిలో పనిచేసుకునే తలాన్లు. వాళ్లు పండించే రిస్ అచ్చం మన వరే. ఆ పంట వాళ్లకు మిగలదు, సైనికుల తిండికి పోతుంది. మీరు తుపాకీ పట్టుకుని ఎదురొచ్చిన సైనికుడినల్లా కాల్చుకుంటూ పోవచ్చు, ఎవరూ ఆపరు. కానీ పొలాల్లో పనిచేసేవాళ్ల మనసు గెలుచుకుంటే వాళ్లు పని ఆపేస్తారు. పని ఆగితే సైన్యానికి తిండి అందదు. తిండి అందకపోతే సైనికులు నీరసిస్తారు, అంతకుముందు ఎన్ని దెబ్బలు తగిలినా లేచి కాల్చినవాడు ఇప్పుడు తొందరగా పడిపోతాడు. అలాగే మోటజార్ కొండల్లో హెలిడియం అనే ఖనిజం గనులున్నాయి. అక్కడి కూలీలు పార దించితే సైనికుల ఆయుధాలకు పదును తగ్గుతుంది. ఒక్కో ప్రాంతం నుంచి సైన్యానికి ఏం వెళ్తుందో తెలుసుకుని దాన్ని ఆపడమే అసలు యుద్ధం. 1999లో ఒక షూటింగ్ గేమ్ ఇంత ఆలోచించిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సమ్మె చేయించి గెలిచే యాక్షన్ గేమ్ నేను మళ్లీ చూడలేదు.

కూలీలు ఊరికే పని ఆపరు. ముందు వాళ్ల పెద్దలను ఒప్పించాలి, వాళ్ల కష్టాలు తీర్చాలి. ఒకరికి ఏదో వస్తువు కావాలి, ఇంకొకరికి వేరే ఊళ్లో ఉన్న మనిషితో పని. ఫలానా మనిషి ఎక్కడుంటాడో మీకు తెలియదు. దారిన పోయే తలాన్‌ను ఆపి అడగాలి. అతను కాసేపు ఆలోచించి, చెయ్యి చాపి ఆ దిక్కు చూపిస్తాడు. మీరు అటు నడిచి, మధ్యలో మళ్లీ ఇంకొకరిని అడిగి, అలా అలా వెళ్లి పట్టుకోవాలి. ఇప్పటి గేమ్‌లలో మ్యాప్ మీద మెరిసే గుర్తు వెంట పరిగెత్తడం అలవాటైనవాళ్లకు ఇది మొదట్లో చిరాకుగా ఉండొచ్చు. నాకు మాత్రం కొత్త ఊళ్లో బస్సు దిగి అడ్రస్ కనుక్కుంటూ వెళ్లినట్టే ఉంటుంది, ఆ ఊరు అలాగే బాగా తెలుస్తుంది. ఇంకో సంగతి, మీ ప్రవర్తన వాళ్లు గమనిస్తుంటారు. అమాయకులను కొట్టారో, మీ పరువు పోతుంది, మీతో మాట్లాడటానికే ఇష్టపడరు.

గేమ్ సేవ్ చేసుకునే పద్ధతి కూడా చెప్పి తీరాలి. మెనూలోకి వెళ్లి బటన్ నొక్కితే అయిపోదు. కట్టర్ దగ్గర గామ్‌సావ్ అనే రాయి ఉంటుంది, దాన్ని తీసి చేతిలో పట్టుకోవాలి. అది కొన్ని క్షణాలు వెలిగి శబ్దం చేస్తుంది, దగ్గర్లో సైనికుడు ఉంటే వినిపించి మీద పడతాడు. అందుకని శత్రువుల శిబిరం మధ్యలో సేవ్ చేయాలంటే ముందు ఏ గోడ చాటుకో చేరాలి. అసలు పోరాటం కంటే అప్పుడే నాకు ఎక్కువ టెన్షన్!

ఇంత బాగుంటే ఎందుకు మరుగున పడింది? నాకు తోచిన కారణం దాని గ్రాఫిక్స్. అది త్రీడీ గ్రాఫిక్స్ కార్డులు జోరుగా అమ్ముడవుతున్న కాలం. అవుట్‌కాస్ట్ ఆ కార్డును వాడుకోదు. నేల, కొండలు, లోయలు అన్నీ వోక్సెల్ అనే, ఎత్తుపల్లాలను చుక్కచుక్కగా కట్టే పద్ధతిలో ప్రాసెసరే లెక్కగట్టి గీస్తుంది. అందువల్ల అప్పటి మిగతా గేమ్‌లలో పలకలు పలకలుగా కనిపించే కొండలు ఇందులో గుండ్రంగా, నిజమైన మట్టిలా ఉండేవి. నీళ్లలో ప్రతిబింబాలు, దూరంలో ఉన్నవి మసకబారడం కూడా ఉండేవి. కానీ రిజల్యూషన్ 512x384 దాటేది కాదు, ఫొటోల్లో చూస్తే గరుగ్గా అనిపించేది. పైగా మంచి ప్రాసెసర్ లేకపోతే నత్తనడకే. డబ్బు పోసి కొత్త కార్డు కొన్నవాళ్లకు ఇది ఏమాత్రం ఆనలేదు. మా ఇంట్లో మాత్రం కార్డే లేదు, అన్నయ్య ఎక్కడో సంపాదించిన సీడీలతో కొన్నాళ్లకు ఇది దొరికినప్పుడు, పెద్ద పెద్ద మైదానాల్లో అడ్డూ అదుపూ లేకుండా తిరగగలిగిన మొదటి గేమ్ మాకు ఇదే అయింది. ఆ తర్వాత రెండో భాగం మొదలుపెట్టారు గానీ, 2002లో స్టూడియో దివాలా తీయడంతో అది ఆగిపోయింది.

సంగీతం గురించి ఒక్క మాట. లెనీ మూర్ స్వరపరిస్తే మాస్కో సింఫనీ ఆర్కెస్ట్రా, కోరస్‌తో రికార్డు చేశారు. షామజార్‌లోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

లోపాలు లేవని అనను. చాటుగా వెళ్లి దెబ్బ తీయాలంటే కంట్రోల్స్ సహకరించవు. సైనికులు ఒక్కోసారి బొమ్మల్లా నిలబడిపోతారు. నడక చాలా ఎక్కువ. ట్వాన్‌హా అనే జంతువు దొరికాక దాని మీద ఎక్కి తిరగడం సులువు అవుతుంది. ప్రాంతాల మధ్య డావోకా అనే ద్వారాలు ఉంటాయి. ఎఫ్-లింక్ అనే పరికరం ఒకచోట పెట్టి, తర్వాత మళ్లీ అక్కడికి దూకొచ్చు. దాన్ని తొందరగా వాడటం నేర్చుకోండి, సగం కాళ్లనొప్పి తగ్గుతుంది.

ఇప్పుడు ఏది కొనాలి అంటారా? 2014లో వచ్చిన ‘అవుట్‌కాస్ట్ 1.1’ తీసుకోండి. పాత గేమే, కాకపోతే ఇప్పటి కంప్యూటర్లలో పెద్ద రిజల్యూషన్‌లో నడుస్తుంది, గేమ్‌ప్యాడ్ కూడా పనిచేస్తుంది. 2017లో అదే కథను కొత్త గ్రాఫిక్స్‌తో ‘సెకండ్ కాంటాక్ట్’ పేరుతో మళ్లీ చేశారు. పాత గ్రాఫిక్స్ అస్సలు చూడలేను అనుకుంటే అది సరిపోతుంది, కానీ ఆ వోక్సెల్ నేలలో ఉన్న మెత్తదనం అందులో నాకు దొరకలేదు. 2024 మార్చిలో ‘ఎ న్యూ బిగినింగ్’ పేరుతో కొనసాగింపు కూడా వచ్చింది. అది కట్టర్‌ను ముందే ఎరిగినవాళ్లకు ఎక్కువ నచ్చుతుంది కాబట్టి పాతది పూర్తిచేశాకే దాని జోలికి వెళ్లండి. మొదటి ప్రాంతం రంజార్, అంతా మంచు. అక్కడ శిక్షణ కాస్త నెమ్మదిగా సాగుతుంది, దాన్ని బట్టి గేమ్‌ను అంచనా వేయకండి. షామజార్ చేరి, అక్కడి వాళ్లతో పని ఆపించేదాకా ఆడాక కూడా నచ్చకపోతే నాకు కింద కామెంట్‌లో చెప్పండి, ఇంకో గేమ్ సూచిస్తాను.