ఘాట్‌లో లారీ లాగడం లేదని బంగారం కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది యర్రగుంట్ల సార్. 2010 మోడల్ ఆరు చక్రాల లారీ, నేనే నడుపుకుంటాను. బండలు ఎత్తుకొని బెంగళూరికి నెలకు 8 ట్రిప్పులు తిరుగుతాను. రానుపోను 600 కిలోమీటర్లు. గువ్వలచెరువు ఘాట్‌లో బండి రెండో గేరు దాటడం లేదు. ఇంతకుముందు 4.2 వచ్చే మైలేజీ మూడున్నరకు పడిపోయింది. ఎక్కువ హెచ్‌పీ ఉన్న సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎక్కిస్తే 3 లక్షల 20 వేలు అవుతుందని మెకానిక్ చెప్పాడు. చేతిలో లక్షన్నర ఉంది. మిగతాదానికి నా భార్య బంగారం బ్యాంకులో పెడదామనుకుంటున్నా. బండి అమ్మితే నాలుగున్నర లక్షలు పలుకుతుంది. పాప ఇంటర్ రెండో సంవత్సరం. ఏం చేయమంటారు?

జవాబు: బంగారం బయటికి తీయకండి. మీ ఉత్తరంలో అసలు నష్టం ఘాట్‌లో లేదు, మైలేజీలో ఉంది.

నెలకు 4,800 కిలోమీటర్లు తిరుగుతున్నారు. 4.2 మైలేజీకి 1,143 లీటర్లు చాలు. మూడున్నరకు 1,371 లీటర్లు కావాలి. లీటరు 100 రూపాయలు అనుకున్నా నెలకు దాదాపు 22,800 రూపాయలు ఊరికే కాలిపోతున్నాయి. అదే ఘాట్‌లో పోయేది ట్రిప్పుకు ఓ అరగంట. పాలిషింగ్ ఫ్యాక్టరీలో బండలు ఒక్కొక్కటీ నిలువుగా పేర్చి లోడు ఎత్తేసరికే ఒక పూట పోతుంది కదా. ఘాట్‌లో అరగంట మిగిలినంత మాత్రాన తొమ్మిదో ట్రిప్పు పడదు. ట్రిప్పు పెరగనప్పుడు ఆ 3 లక్షల 20 వేలు ఎక్కడి నుంచి తిరిగి రావాలి?

కొత్తలో ఇదే బండి ఇదే ఘాట్ ఎక్కింది. ఆ బలం ఎక్కడ పోయిందో ముందు వెతకండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, బండి కదలకుండా ఐడ్లింగ్‌లో ఉండగా, ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నగా ఆవిరిలా వస్తే భయం లేదు. గుప్పుగుప్పున పొగ తన్నుతూ ఆయిల్ చుక్కలు చిమ్మితే పిస్టన్ రింగులు, సిలిండర్ లైనర్లు అరిగినట్టే. లోడు మీద నల్లపొగ కక్కుతుంటే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల లీకు, ట్యాపిట్ (వాల్వుల సందు) సెట్టింగ్ చూపించి, ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపు, నాజిళ్లు విప్పించి టెస్ట్ చేయించండి. బ్రేకులు పట్టేసినా మైలేజీ పోతుంది. చదును రోడ్డు మీద పది కిలోమీటర్లు పోయి ఆపి, ఒక్కో చక్రం దగ్గరికి చెయ్యి పోనివ్వండి, ముట్టుకోవద్దు. ఒకటి మిగతావాటికన్నా బాగా కాగుతుంటే దొంగ దొరికినట్టే.

ఈ పనులకు 40 వేలు పక్కన పెట్టుకోండి. ఇంజిన్ విప్పి బోరు (రింగులు, లైనర్ల పని) చేయించాల్సి వస్తే మొత్తం కలిపి లక్ష. పాత మైలేజీ వస్తే లక్ష రూపాయలు నాలుగున్నర నెలల్లో డీజిల్‌లోనే తిరిగొస్తాయి. లక్ష దాటుతుందని ముందే తేలితే మాత్రం బండి మీద ఇంకో రూపాయి పెట్టకుండా అమ్మకం గురించి ఆలోచించండి. మిగిలిన 50 వేలు ఇంటి ఖర్చులకు, టైర్లకు అట్లే ఉండనివ్వండి. ఇంజిన్ పంపులో డీజిల్ పెంచి పవర్ తెప్పిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పిస్టన్లు కాలిపోతే ఆ లక్ష కూడా సరిపోదు.

ఇంజిన్ మారిస్తే ఖర్చు ఇంజిన్‌తో ఆగదు. ప్రొద్దుటూరులో మా మేనమామ ఇలాగే పెద్ద ఇంజిన్ ఎక్కించాడు. ఏడాది తిరక్కుండానే క్లచ్ పోయింది, తర్వాత గేర్ బాక్స్, ఆపైన వెనక ఇరుసులోని క్రౌన్ చక్రం. పాత బండిలో అవన్నీ పాత ఇంజిన్ బలానికి తగ్గట్టు చేసినవి. ప్రతిసారీ ‘ఇదొక్కటే’ అనుకున్నాడు. అత్త గాజులు ఇంటికి రావడానికి మూడేళ్లు పట్టింది. అప్పుడు వాళ్లింట్లో పడిన టెన్షన్ నాకు బాగా గుర్తుంది. మీ ఇంట్లో అది రాకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా మార్పులు చేయకూడదు. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. దానికన్నా నాకు భయం ఇన్సూరెన్స్ గురించి. నంబరు కలవని బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. బలం పెరిగింది కదా అని ఇంకో రెండు టన్నులు ఎత్తాలనిపిస్తుంది కూడా. ఓవర్‌లోడ్‌కు 20 వేలు, పైగా టన్నుకు 2 వేలు. పట్టుబడితే ఆ నెల సంపాదనలో పెద్ద ముక్కే పోతుంది.

మీరే నడుపుతున్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. మీ పేరు మీద టర్మ్ పాలసీ ఉందా? బండి పాలసీలో ఓనర్ డ్రైవర్‌కు ఇచ్చే 15 లక్షల ప్రమాద బీమా ఉందో లేదో ఈరోజే కాగితం తీసి చూడండి. లేకపోతే ఇంజిన్ పనికన్నా ముందు అది చేయించండి.

రిపేరు ఖర్చు తీరాక, మిగిలే డీజిల్ డబ్బులో నెలకు 10 వేలు పాప కాలేజీ ఫీజుకు ఆర్‌డీ కట్టండి. మిగతాది తర్వాతి బండి డౌన్ పేమెంట్‌కు వేరే ఖాతాలో వేయండి. ఐటీ రిటర్నులు వేయకపోతే ఈ ఏడాది నుంచే మొదలుపెట్టండి, బండి లోన్‌కు బ్యాంకు వాళ్లు అడిగేది అవే.

రేపటి ట్రిప్పు నుంచే ఒక నోటు బుక్ క్యాబిన్‌లో పెట్టుకోండి. బయల్దేరేటప్పుడు ట్యాంకు నిండా కొట్టించి మీటరు రీడింగ్ రాయండి, తిరిగొచ్చి అదే బంకులో నిండా కొట్టించి మీటరు రీడింగ్, లీటర్లు రాయండి. రిపేరుకు ముందు మూడు ట్రిప్పులు, తర్వాత మూడు ట్రిప్పులు. ఆ ఆరు ట్రిప్పుల లెక్క నాకు పంపండి, బోరు దాకా వెళ్లాలా వద్దా అప్పుడు చూద్దాం.