ఫాయిల్, ఎపీ, సేబర్: మీ అమ్మాయి ఏ తీరుగా పోట్లాడుతుంది?

పదేళ్ల అమ్మాయిని ఫెన్సింగ్‌లో చేర్చాలనుకుంటున్నామని, మూడు రకాల కత్తుల మధ్య తేడా ఏమిటో, ఏది ఎంచుకోవాలో చెప్పమని అడిగారు. హైదరాబాద్‌లో పిల్లలకు ఈ ఆట నేర్పిస్తున్న కోచ్‌గా నాకు తెలిసినంత చెబుతాను. ముందుగా ఒక మనవి: కత్తుల బరువులు చూసి నిర్ణయం తీసుకోకండి. ఫాయిల్, సేబర్ 500 గ్రాములకు, ఎపీ 770 గ్రాములకు మించకూడదని నిబంధన ఉన్న మాట నిజమే కానీ, రోజూ స్కూలు బ్యాగు మోసే పిల్లకు ఆ తేడా ఒక లెక్క కాదు. అసలు తేడా అంతా, పాయింటు నాదంటే నాదని ఇద్దరు పట్టుబట్టినప్పుడు ఆ తగవు ఎవరు తీరుస్తారన్న దగ్గర ఉంది.

ఎపీలో తీర్పు, కత్తి తగలగానే లైటు వెలిగించి చూపే యంత్రానిది. తల నుంచి కాలి బొటనవేలి దాకా మొన ఎక్కడ తగిలినా పాయింటే. ముందు తగిలించినవారికే అది దక్కుతుంది. సుమారు సెకనులో ఇరవై ఐదో వంతు తేడా లోపల ఇద్దరూ పొడుచుకుంటే చెరొక పాయింటు వస్తుంది. అందువల్ల ఎపీ ఆడేవారికి ఓపిక, అనుమానం సమపాళ్లలో ఉంటాయి. ఇద్దరు పిల్లలు చాలాసేపు ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటే, చూడడానికి వచ్చిన ఒక నాయనమ్మగారు "ఆట ఎప్పుడు మొదలవుతుంది బాబూ?" అని నన్ను అడిగారు, అప్పటికి మొదటి మూడు నిమిషాల ఆట ముగియవచ్చింది. యంత్రం ఉన్నంత మాత్రాన అన్ని తగవులూ తీరిపోతాయనుకోకండి. 2012 లండన్ ఒలింపిక్స్ ఎపీ సెమీఫైనల్లో గడియారం మీద చివరి ఒక్క సెకను ఎంతకీ గడవక, ఆ లోపు ప్రత్యర్థి పాయింటు కొట్టడంతో కొరియా క్రీడాకారిణి షిన్ ఆ-లామ్ ఓడిపోయింది. అప్పీలు తేలేలోపు పిస్ట్ (ఆట ఆడే పొడవాటి వేదిక) దిగితే ఓటమిని ఒప్పుకున్నట్టే కాబట్టి, ఆమె దాదాపు గంటసేపు కన్నీళ్లతో అక్కడే కూర్చుంది.

ఫాయిల్ సంగతి వేరు. ఇక్కడ మొండెం మీద, అదీ మొనతో పొడిస్తేనే పాయింటు. చేతికో కాలికో తగిలితే తెల్ల లైటు వెలుగుతుంది, ఆట ఆగుతుంది, ఎవరికీ ఏమీ రాదు. ఇద్దరివీ రంగు లైట్లు వెలిగినప్పుడు మాత్రం యంత్రం చేతులెత్తేస్తుంది, రెఫరీ రంగంలోకి దిగుతారు. ముందుగా అటాక్ మొదలుపెట్టినవారికి ప్రాధాన్యం ఉంటుందని, ఎదుటివారు ఆ కత్తిని పారీతో పక్కకు నెట్టాకే తిరిగి పొడిచే హక్కు పొందుతారని నియమం. నిజమైన కత్తి మీదికి వస్తున్నప్పుడు బుద్ధి ఉన్నవాడెవడూ ముందు తన ప్రాణం కాపాడుకోకుండా ఎదురు పొడవడు కదా, ఆ ఇంగితాన్నే నియమంగా మార్చారు. "రెండు లైట్లూ వెలిగాయి కదండీ, మరి పాయింటు అవతలి పిల్లవాడికే ఎందుకిచ్చారు?" అని అడగని తండ్రి నాకింతవరకు తారసపడలేదు. నేను వివరిస్తుండగానే పక్కనున్న కొడుకు అందుకుని, తన చెయ్యి ముందు చాచాననీ, అవతలివాడి పారీ కత్తికి తగలనే లేదనీ వాదన మొదలుపెడతాడు. ఫాయిల్ పిల్లలు ఏడాది తిరిగేసరికి చిన్నపాటి ప్లీడర్లవుతారు.

సేబర్‌లోనూ ఇదే ప్రాధాన్య నియమం ఉంటుంది కానీ, వాదనకు తీరిక ఉండదు. నడుము పైభాగమంతా, తలతోపాటు మణికట్టు దాకా చేతులు కూడా లక్ష్యమే. పొడవడమే కాక నరకవచ్చు కూడా. రెఫరీ "అలే" (మొదలుపెట్టండి) అనగానే ఇద్దరూ ఒకరి మీదికొకరు ఉరుకుతారు, రెండు లైట్లూ వెలుగుతాయి, ఇద్దరూ రెఫరీ వైపు తిరిగి గెలిచినట్టే గావుకేక పెడతారు. ముందుకు వెళ్లేటప్పుడు కాలు దాటించి కాలు వేయకూడదని సేబర్‌కు ప్రత్యేకంగా ఒక నిషేధం పెట్టాల్సి వచ్చిందంటే, అంతకుముందు వారు ఎలా పరుగెత్తేవారో మీరే ఊహించుకోండి. టీ తాగి వస్తానని వెళ్లిన తల్లిదండ్రులు తిరిగి వచ్చేసరికి పిల్లలు మాస్కు తీసి కరచాలనం చేసుకుంటుంటారు. భారతదేశం తరఫున ఒలింపిక్స్‌లో ఆడిన తొలి ఫెన్సర్, చెన్నైకి చెందిన భవానీ దేవి ఎంచుకున్నది సేబరే. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో ఆమె తొలి బౌట్‌ను 15-3తో గెలిచాక, మా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది కత్తి పేరు కూడా అడగకుండా "ఆ అమ్మాయి ఆడిందే నేర్పండి" అన్నారు.

ఇక మీ అమ్మాయి విషయం. ఇంట్లో తోబుట్టువులతో ఎలా పోట్లాడుతుందో గమనించండి. అదను కోసం కాచుకుని అవతలివారు ఏమరుపాటుగా ఉన్నప్పుడు ఒక్కటిచ్చే రకమైతే ఎపీ, తప్పెవరిదో సాక్ష్యాలతో సహా మీ ముందు పెట్టే రకమైతే ఫాయిల్, ముందు కొట్టి తర్వాత ఆలోచించే రకమైతే సేబర్. ఏదీ తేలకపోతే ఫాయిల్‌తో మొదలుపెట్టించండి. అడుగులు, పారీ కుదిరాక మారడం కష్టం కాదు. అయితే మీకు దగ్గరలోని కోచ్ ఏది బాగా నేర్పుతారన్నది వీటన్నిటికంటే ముఖ్యం. ఖర్చు గురించి కూడా ఒక మాట: ఎపీలో ఒళ్లంతా లక్ష్యమే కాబట్టి ఫాయిల్, సేబర్‌లకు తప్పనిసరైన, లక్ష్యం ఎక్కడో యంత్రానికి తెలిపే లోహపు దారాల జాకెట్ అవసరం ఉండదు. అలా మిగిలిన డబ్బుతో కత్తిని యంత్రానికి కలిపే బాడీ వైరు ఇంకోటి కొని సంచిలో పెట్టండి, ఎందుకంటే ఉన్న వైరు సరిగ్గా రెఫరీ మీ అమ్మాయి పేరు పిలిచిన క్షణానే పనిచేయడం మానేస్తుంది.