పై స్వరాల దగ్గర గొంతు బిగుసుకుపోతుంటే సాధనను ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది: పై స్వరాలకు వెళ్లేసరికి గొంతు బిగుసుకుపోతోంది, గంటసేపు సాధన చేస్తే మర్నాడు బొంగురుపోతోంది, ‘పొట్టలోంచి గట్టిగా పాడండి’ అన్న సలహాను పాటించినకొద్దీ ఇబ్బంది పెరుగుతోంది. చాలాకాలంగా గాత్రం నేర్పుతున్నదాన్ని కాబట్టి ఇలాంటి గొంతులతో కూర్చుని పనిచేసిన అనుభవం నాకుంది. ఈ మూడు ఇబ్బందులకూ చాలాసార్లు మూలం ఒక్కటే ఉంటుంది: ఆ స్వరానికి కావలసినదానికన్నా ఎక్కువ ఒత్తిడితో గాలిని పైకి నెట్టడం. అందువల్ల నేను ముందుగా నేర్పేది గొంతు తగ్గించి పాడటం. గట్టిగా పాడే శక్తి కూడా దాని మీదే నిలబడుతుందని నా నమ్మకం.

లోపల జరిగేదేమిటో కొంచెం తెలిస్తే ఇలా ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది. స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. కింది నుంచి వచ్చే గాలి వాటిని విడదీస్తుంది, వాటి సాగే గుణమూ గాలి ప్రవాహమూ కలిసి మళ్లీ దగ్గరకు చేరుస్తాయి. 440 హెర్ట్జ్ స్వరాన్ని నిలిపితే అవి సెకనుకు 440 సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి, అంటే నిమిషానికి 26,400 సార్లు. స్వరం పైకి వెళ్లాలంటే ప్రధానంగా తంత్రులు సాగి పలచబడాలి, ఆ పని చేసేందుకు స్వరపేటికలోనే చిన్న కండరాలు ఉన్నాయి. అవి తమ పని నేర్చుకోకముందే మనం గాలి ఒత్తిడితో స్వరాన్ని ఎక్కించబోతే, ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి తంత్రులు మరింత గట్టిగా బిగించుకుంటాయి, ప్రతి తాకిడీ బలమైన దెబ్బగా మారుతుంది. పాడేవారికి అదే ‘గొంతు పట్టేయడం’గా తెలుస్తుంది. మర్నాటి బొంగురు ఆ దెబ్బలకు వచ్చిన వాపు.

పొట్ట గురించి మీరు విన్న సలహాలో సగం నిజం ఉంది. ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానం (డయాఫ్రమ్) శ్వాస పీల్చుకోవడానికి పనికొచ్చే కండరం; అది కిందికి దిగినప్పుడు పొట్ట ముందుకు వస్తుంది. పాడుతున్నప్పుడు అది క్రమంగా పైకి వెళ్తుందే తప్ప, దానితో గాలిని బయటికి నెట్టడం కుదరదు. పొట్ట కండరాలను లోపలికి బిగించి నెడితే పెరిగేది ఒత్తిడే. ఇటలీ గాత్ర సంప్రదాయంలో అప్పోజ్జియో అనే పద్ధతి ఉంది. పక్కటెముకలు వెంటనే కుంగిపోకుండా వీలైనంతసేపు విచ్చుకునే ఉంచి, గాలి నిదానంగా ఖర్చయ్యేలా చూడటం దాని సారాంశం. నేను విద్యార్థి చేతులను కింది పక్కటెముకల మీద పెట్టించి, చప్పుడు లేకుండా ముక్కుతో గాలి తీసుకుని, ‘స్’ అంటూ సన్నగా వదలమంటాను. చేతుల కింద ఎముకలు ఎంత నెమ్మదిగా దిగుతున్నాయన్నదే అక్కడ గమనించవలసింది. అయితే శ్వాస మీద నేను ఎక్కువకాలం ఆగను. శ్వాస గురించే మాట్లాడుతూ ఉంటే విద్యార్థులు ప్రతి పదానికీ ఊపిరితిత్తుల నిండా గాలి పట్టుకోవడం మొదలుపెడతారు. అంత నిండిన ఛాతీ తనంతట తానే గొంతు మీద ఒత్తిడి పెడుతుంది.

ఈ ఒత్తిడి కంటికి కనిపించేలా చేయడానికి నేను ఎక్కువగా ఆధారపడేది ఒక మామూలు స్ట్రా, సగం నీళ్లున్న గ్లాసు. స్ట్రా కొసను నీటిలో రెండు మూడు సెంటీమీటర్ల లోతున ఉంచి, పెదవులు దాని చుట్టూ మూసి, ‘ఊ’ అన్న ధ్వనిని సుఖంగా ఉన్న స్థాయిలో నిలపమంటాను. బుడగలు ఒకే తీరుగా వస్తుంటాయి. అక్కడి నుంచి స్వరాన్ని జారుగా పైకి తీసుకువెళ్లమంటే, గొంతు ఇబ్బందిపడే చోటు రాగానే నీళ్లు ఒక్కసారిగా ఎగసిపడతాయి, లేదా బుడగలు ఆగి ధ్వని నొక్కుకుపోతుంది. నీళ్లు ఎగసిపడితే గాలి ఎక్కువైందని, బుడగలు ఆగితే తంత్రులు బిగుసుకుపోయాయని తెలుస్తుంది. బుడగల తీరు మారకుండా అదే దారిలో మళ్లీ వెళ్లమనడం తప్ప నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు. నోటి చివర దారి ఇరుకైనప్పుడు వెనక్కి వచ్చే ఒత్తిడి తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండానే సులువుగా కంపించడానికి తోడ్పడుతుంది. ఇలాంటి అభ్యాసాల వెనుక ఉన్న భౌతిక కారణాలను స్వరశాస్త్రవేత్త ఇంగో టిట్జె 2006లో వెలువడిన పరిశోధన వ్యాసంలో వివరించారు. రోజులో అప్పుడప్పుడు రెండు మూడు నిమిషాలు చేస్తే చాలు. మూసిన పెదవులతో ‘మ్’ అనడం, పెదవులను గాలితో అదరగొడుతూ స్వరం పలకడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

స్ట్రాతో వచ్చిన సులువు నోరు తెరవగానే పోతుంది. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. పై షడ్జం దగ్గర మీలాగే ఇబ్బందిపడిన ఒక విద్యార్థిని నాకు బాగా గుర్తుంది. ఆ స్వరానికి రెండు స్వరాల ముందే ఆమె గబుక్కున నోటితో గాలి పీల్చేది, భుజాలు లేచేవి, గడ్డం పైకి వెళ్లేది. గడ్డం కింద మెత్తని భాగాన్ని ఆమె బొటనవేలితోనే తాకి చూడమన్నాను. మామూలుగా మాట్లాడుతున్నప్పుడు మెత్తగా ఉన్న ఆ చోటు, పై షడ్జం రాకముందే రాయిలా గట్టిపడేది. నాలుక మొదలు బిగించి ఆమె స్వరపేటికను అదిమిపెడుతోందన్నమాట. పైగా స్వరాన్ని అందుకునేటప్పుడు ‘టక్’మన్న చిన్న చప్పుడు వినిపించేది, అంటే మూసుకున్న తంత్రులను గాలి బద్దలుకొట్టి తెరుస్తోంది. కొన్నాళ్లపాటు పాటను పక్కనపెట్టి, బొటనవేలు అక్కడే ఉంచి, ఆ ఒక్క స్వరాన్ని ఆ చప్పుడు లేకుండా, గాలి ‘హ్’మని ముందు పోకుండా, తగ్గు గొంతుతో అందుకోవడం మీదే పనిచేశాం. వేలి కింద మెత్తదనం నిలిచిన రోజున స్వరం చాలా చిన్నదిగా వచ్చింది. గొంతులో బలం లేదని ఆమె దిగులుపడింది. ఫోన్లో రికార్డు చేసి వినిపిస్తే మునుపటికన్నా స్పష్టంగా ఉంది. పాడేవారికి తమ గొంతు పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది కనుక, లోపల పెద్దగా అనిపించేదానికీ బయట వినిపించేదానికీ తేడా ఉంటుంది. అందుకే ఈ దశలో మీ చెవినొక్కదాన్నే నమ్ముకోవద్దు.

నొప్పి లేదు కదా అని నిశ్చింతగా ఉండటం కూడా సరికాదు. తంత్రుల మీద వచ్చే నాడ్యూల్స్ అనే చిన్న బొడిపెలు చాలాసార్లు నొప్పి లేకుండానే ఏర్పడతాయి. నేను నమ్మే పరీక్ష వేరు. సాధన మర్నాడు కాస్త గొంతు మేలుకున్నాక, పై స్థాయిలో ఒక చిన్న పలుకును వీలైనంత తగ్గు గొంతుతో పాడి చూడండి. గట్టిగా పాడితే పలికి, తగ్గిస్తే పలక్కుండా గాలి మాత్రమే వస్తోందంటే తంత్రులు వాచి ఉండవచ్చు. ఆ రోజు సాధన తగ్గించి, మీ శ్రుతిని కూడా ఒకటి రెండు మెట్లు దించుకోండి. శ్రుతి దించడాన్ని చిన్నతనంగా భావించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

తాగిన నీళ్లు తంత్రులను నేరుగా తాకవు, అవి ఆహారనాళంలోకి వెళ్తాయి. ఒంటికి తేమ అందడానికి సమయం పడుతుంది కాబట్టి పాడేముందు గటగటా తాగేకన్నా రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం తంత్రులను ఒకదానికొకటి గట్టిగా రాస్తుంది, ఆ అలవాటు మానుకోండి. గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసలాడటం కూడా విశ్రాంతి కింద లెక్క కాదు.

చివరిగా వైద్యుల విషయం. 1854లో అద్దాల సాయంతో తన స్వరపేటికను తానే చూసుకుని, మరుసటి ఏడాది రాయల్ సొసైటీకి ఆ వివరాలు సమర్పించిన మాన్యువల్ గార్సియా గాత్రోపాధ్యాయుడే. అయినా తరగతి గదిలో మావంటివారికి చెవి, కన్ను తప్ప మరో సాధనం లేదు. విన్నదాన్ని బట్టి తంత్రుల మీద ఏముందో ఏ ఉపాధ్యాయురాలూ తేల్చిచెప్పలేదు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాలు నాలుగు వారాల్లో తగ్గని బొంగురుకు స్వరపేటికను చూసి పరీక్షించాలంటున్నాయి. వృత్తిగా పాడేవారు అంతకాలం ఆగకూడదని కూడా వాటి ఉద్దేశం. పాడుతూండగా గొంతు హఠాత్తుగా పోతే అది తంత్రిలో రక్తం చేరడం వల్ల కావచ్చు, వెంటనే మాట, పాట రెండూ ఆపి వైద్యులకు చూపించాలి. మీరు రాసిన బొంగురు ఎన్నాళ్లుగా ఉందో తెలియదు కాబట్టి, కొత్త అభ్యాసాలు మొదలుపెట్టేముందే ఒకసారి పరీక్ష చేయించుకోండి. వైద్యులు చెప్పినదాన్ని మీ గురువుగారికి కూడా తెలియజేయండి. ఇకమీదట సాధన ఏ శ్రుతిలో, ఎంతసేపు సాగాలో మీరిద్దరూ కలిసి నిర్ణయించుకోవలసి ఉంటుంది.