ప్రింటర్‌కి విశ్రాంతి ఎక్కువైతే

ప్రశ్న: మా అమ్మాయి పురుడికని డల్లాస్ వెళ్లి, ఆరు నెలలుండి ఈ జూన్‌లో తిరిగొచ్చాం. ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉంది, ట్యాంకుల్లో ఇంకు సగానికి పైనే ఉంది. తీరా ఆధార్ కాపీ తీద్దామంటే నల్ల అక్షరాలు మధ్యలో తెల్ల గీతలతో వస్తున్నాయి, ఎరుపైతే అసలు పడటమే లేదు. ఆరేడుసార్లు క్లీనింగ్ కొట్టాను, లాభం లేదు. హెడ్ (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) పోయింది, కొత్తది కొనుక్కోండి అంటున్నారు అందరూ. నిజంగా పోయినట్టేనా? మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి?
(ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: పోయిందని అప్పుడే అనుకోకండి, కానీ ముందు అలా వరసపెట్టి క్లీనింగ్ కొట్టడం ఆపండి. కొట్టిన ప్రతిసారీ ప్రింటర్ ట్యాంకులోంచి బోలెడు ఇంకు లాగి, లోపల అడుగున ఉండే స్పాంజిలాంటి వేస్ట్ ప్యాడ్‌లో పారబోస్తుంది. ఆ ప్యాడ్ నిండిందంటే అదో కొత్త తలనొప్పి, ప్యాడ్ సంగతి తేలేదాకా ప్రింటర్ మొండికేస్తుంది. కాబట్టి ఒకటి రెండుసార్లు క్లీనింగ్, ఆ తర్వాత నాజిల్ చెక్ పేజీ (ఏ రంగు ఎక్కడ పడటం లేదో చూపించే పరీక్ష పేజీ), తేడా లేకపోతే ప్రింటర్‌ని దాని బటన్‌తోనే ఆపేసి ఆ రాత్రికి వదిలేయండి. గట్టిపడిన ఇంకు వెనకనుంచి వచ్చిన కొత్త ఇంకులో నానాలి కదా, దానికి టైం పడుతుంది. పొద్దున మళ్లీ ఒకసారి. ఇలా రెండు మూడు రోజులు చూశాక కూడా గీతలు పోకపోతే అప్పుడు పవర్ క్లీనింగ్ అనే ఆప్షన్ ఉందేమో చూడండి. అది చాలా ఇంకు తాగుతుంది, అన్ని ట్యాంకుల్లోనూ కనీసం మూడో వంతు ఉంటేనే చేయాలి, లేదంటే పైపుల్లోకి గాలి ఎక్కి ఉన్నది కూడా పోతుంది.

ఇంతకీ ఎందుకు ఎండిందంటే, హెడ్ అడుగున తలవెంట్రుక కంటే సన్నటి రంధ్రాలు వందల్లో ఉంటాయి. ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే, త్వరగా ఆరిపోకుండా గ్లైకాల్ లాంటివి కొంచెం కలుపుతారు, అంతే. గోరింటాకు కోను ముక్కుకి గుండుసూది పెట్టడం మరిచిపోతే మర్నాటికి ఏమవుతుందో మీకు తెలుసుగా, ఇదీ అదే కథ. కాకపోతే కోనుని సూదితో పొడవొచ్చు, దీన్ని మాత్రం పొరపాటున కూడా పొడవకండి.

ఆ గుండుసూది పనే ప్రింటర్‌లో ఒక రబ్బరు మూత చేస్తుంది. బటన్ నొక్కి ఆపినప్పుడు హెడ్ నెమ్మదిగా ఒక పక్కకి జరిగి ఆ మూత మీద కూర్చుంటుంది. ఆ 'టక్' చప్పుడు వినబడి, లైటు మిణుకుమిణుకుమనడం ఆగాక మాత్రమే గోడ స్విచ్ కట్టాలి. మా నాన్నగారికి రాత్రి పడుకునే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్‌లన్నీ కట్టేసే అలవాటు ఉండేది. నేను ప్రింట్ ఇచ్చి అన్నానికి లేచిన ఒక రాత్రి, హెడ్ సగం దారిలో ఉండగా ఆయన స్విచ్ కట్టేశారు. మర్నాడు ఊరెళ్లాం. నెల తర్వాత వచ్చి ప్రింటర్ పైకప్పు ఎత్తి చూస్తే హెడ్ పేజీ మధ్యలో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, రబ్బరు మూతకి జానెడు దూరంలో, మే నెల బెజవాడ ఎండకి ఎండుతూ. నలుపు తిరిగి రావడానికి వారం పట్టింది, నీలం ఇప్పటికీ ఒక గీత తక్కువే. నాన్నగారిని ఏమంటాం, కరెంటు ఆదా చేశారాయన. నిజానికి ఈ ప్రింటర్లు స్లీప్‌లో ఒకటి రెండు వాట్లకు మించి తీసుకోవు, నెలంతా ఆన్‌లో వదిలేసినా యూనిట్ అటూ ఇటూ. కరెంటు కోతలు ఎక్కువైతే ఇన్వర్టర్ లైన్ మీద పెట్టుకోండి, ప్రింట్ చేసేటప్పుడు కూడా ఇంట్లో వాడే మామూలు ఇంకు ప్రింటర్‌కి పది పదిహేను వాట్లు చాలు.

మూత ఉన్నా నెలల తరబడి కదలకపోతే ఇంకు చిక్కబడుతుంది. వారానికి ఒక్క పేజీ తీయండి, ఎండాకాలంలో అయితే నాలుగైదు రోజులకే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: పిల్లల ప్రాజెక్టులకని రోజూ నల్ల అక్షరాల పేజీలే తీస్తూ, మేం వాడుతూనే ఉన్నాంగా అంటారు. మీరు వాడేది నలుపు ఒక్కటే, మిగతా మూడూ పడుకునే ఉంటాయి. పేజీలో నీలం, మెజెంటా, పసుపు, నలుపు నాలుగూ పడాలి. నాజిల్ చెక్ అయితే అన్ని రంధ్రాల్నీ కదిలిస్తుంది, ఇంకు ఖర్చు కూడా నామమాత్రం. పసుపు గీతలు తెల్ల కాగితం మీద కళ్లకి ఆనవు, కిటికీ దగ్గర పెట్టి చూడండి.

ఈసారి మళ్లీ అమెరికా ప్రయాణం పడితే పక్కింటివాళ్లకి తాళంతోపాటు ఒక చిన్న పని అప్పగించండి. మీ ప్రింటర్‌లో కాపీ తీసే సదుపాయం ఎలాగూ ఉంది, స్కానర్ అద్దం మీద రంగుల క్యాలెండర్ కాగితం ఒకటి బోర్లించి వెళ్లండి. మా ఇంట్లో కృష్ణుడి బొమ్మ ఉన్నది వాడతాం: ఒంటికి నీలం, పట్టుబట్టకి పసుపు, పెదాలకి ఎరుపు, కింద తేదీలు నలుపు, ఏ రంగుకీ లోటు లేదు. పవర్ బటన్, కలర్ కాపీ బటన్, పేజీ వచ్చాక మళ్లీ పవర్ బటన్. కంప్యూటర్ అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు. అమెరికా నుంచి వారానికోసారి ఫోన్ చేసి మొక్కలకి నీళ్లు పోశారా అని అడుగుతారు కదా, ఆ నోటితోనే ఇదీ అడగండి.

ప్రశ్న: మాది చిన్న కార్ట్రిడ్జ్ ప్రింటర్. వాడనప్పుడు కార్ట్రిడ్జ్‌లు తీసి కవర్‌లో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే ఎండవని ఒకాయన చెప్పారు. నల్లది ఇప్పటికే ఎండినట్టుంది, శానిటైజర్‌తో తుడవొచ్చా?
(ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఫ్రిజ్‌లో పెరుగు పెట్టుకోండి. కార్ట్రిడ్జ్‌కి సరైన చోటు ప్రింటరే, మూత ఉన్నది అక్కడ కాబట్టి. శానిటైజర్ కూడా వద్దు, అందులో జిగురూ సువాసనా ఏవేవో ఉంటాయి.

ఇలాంటి చిన్న ప్రింటర్లలో చాలావాటికి హెడ్ కార్ట్రిడ్జ్‌తోనే వస్తుంది, అదొక అదృష్టం, చేత్తో తీసి బాగుచేసుకోవచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకోండి (యాసిడ్ కాదు, సీసా మీద చదివి మరీ తీసుకోండి). కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వాడితే ఉప్పు మిగులుతుంది. ఆ నీళ్లు గోరువెచ్చగా చేసి, నూలు రాలని గుడ్డని తడిపి, నాలుగు మడతలు పెట్టి సాసర్‌లో పరిచి, కార్ట్రిడ్జ్‌ని రంధ్రాల వైపు కిందికి పెట్టి రెండు మూడు నిమిషాలు ఉంచండి. తర్వాత పొడి గుడ్డ మీద మెల్లగా అద్దండి, రుద్దొద్దు. నల్లటి మచ్చ చక్కగా అంటుకుంటే ఇంకు దిగినట్టే. కార్ట్రిడ్జ్ మీద రాగి రంగులో మెరిసే చుక్కల్ని (ప్రింటర్ నుంచి కరెంటు అందేది వాటి ద్వారానే) వేలితో ముట్టుకోకండి, వాటికి తడి తగలనివ్వకండి. ఇవేవీ పనిచేయకపోతే కొత్త కార్ట్రిడ్జ్ వేసుకోండి, హెడ్ కూడా కొత్తదే వస్తుంది.

ప్రశ్న: నాకు నెలకి నాలుగైదు పేజీలే పని, అన్నీ బ్లాక్ అండ్ వైటే. రంగుల ఇంకు ప్రింటర్ చవగ్గా వస్తోంది, తీసుకోమంటారా?
(ఓ పాఠకుడు, పటమట, విజయవాడ)

జవాబు: వద్దు. బ్లాక్ అండ్ వైట్ లేజర్ తీసుకోండి. కొనేటప్పుడు కాస్త ఎక్కువవుతుంది గానీ, అందులో ఉండేది టోనర్ పొడి, ఆర్నెల్లు ముట్టుకోకపోయినా ఎండిపోవడానికి అందులో తడే లేదు. ఎప్పుడైనా రంగుల్లో ఒక ఫోటో కావాలంటే జిరాక్స్ షాపు ఉండనే ఉంది. అన్నట్టు లేజర్‌ని మాత్రం ఇన్వర్టర్ మీద పెట్టకండి, వేడెక్కేటప్పుడు వందల వాట్లు లాగుతుంది.